కమాను కట్ట : పాత సైనిక జీపునకు కమానులు మార్చు విధము

మన కళాశాల వెనుక వేపచెట్టు క్రింద నిలిచియున్న పాత జీపును చూడని విద్యార్థి యుండడు. దానిపై కూర్చుండి వేరుసెనగ కాయలు తినని వారును అరుదు. ఒక శ్రేయోభిలాషి దానిని కళాశాలకు ఇచ్చి చాల కాలమైనది. ఈ సంవత్సరము కార్యవర్గ సమావేశమున దానిని పాత ఇనుము క్రింద అమ్మివేయుదమా, బాగుచేయించి భౌతికశాస్త్ర విభాగమునకు ఒప్పగింతుమా అను ప్రశ్న వచ్చినది. బండి ఎడమవైపునకు ఒరిగియుండుటయే అమ్మవలెనను వారి ముఖ్యవాదము. "ఒరిగిన బండి విరిగిన బండియే" అని ఒక పెద్దలు సెలవిచ్చిరి. ఒరుగుటకు కారణము కమానులు మాత్రమే యనియు, కమానులు మార్చదగినవే యనియు నేను మనవి చేసితిని. నోటిమాటగా చెప్పినదానిని ఇచ్చట వివరముగా వ్రాయుచున్నాను. కార్యవర్గము వారు దీనిని చదివి నిర్ణయించుకొందురు గాక; విద్యార్థులు దీనిని పాఠముగా చదువుదురు గాక.

మొదట ఈ బండి యేదో తెలియవలెను. జీపును మనము కారువలె భావింతుము గాని, అమెరికా సైన్యపు కాగితములలో దాని పేరు "పావు టన్ను ట్రక్కు, నాలుగు చక్రములకును చోదకశక్తి గలది" అని. అనగా ఇది లారీ జాతిలో కనిష్ఠ సోదరుడు. 1941 నుండి 1945 వరకు విల్లీస్ సంస్థ సుమారు 3,60,000, ఫోర్డు సంస్థ సుమారు 2,80,000 జీపులను ఒకే నమూనాపై తయారుచేసినవి. మన బండి ముందుజాలిలో తొమ్మిది నిలువు చీలికలున్నవి. యుద్ధానంతరము పౌరుల కొరకు వచ్చిన జీపులకు ఏడు మాత్రమే యుండును. పెట్రోలు టాంకు డ్రైవరు ఆసనము క్రిందనే యున్నది. స్టీరింగు ఎడమవైపున నున్నది. ముందు చక్రముల నడుమ అడ్డముగా నున్న మొదటి దూలము గుండ్రని గొట్టము. ఫోర్డు వారి బండియైనచో అది పెట్టె ఆకారమున నుండెడిది, బోల్టుల తలలపై "ఎఫ్" అక్షరము కనబడెడిది. కావున ఇది విల్లీస్ వారి యుద్ధకాలపు బండియే.

జీపు మన దేశమునకు యుద్ధముతోడనే వచ్చినది. స్వాతంత్ర్యానంతరము ఇచ్చటనే కూర్పబడి మన గ్రామముల దుమ్మును త్రాగినది. ఇచ్చట ఒక చిన్న విషయము చెప్పక ముందునకు పోలేను. జీపులను మన దేశమున కూర్చిన సంస్థ 1945లో లుధియానాలో ఉక్కు వ్యాపారముగా మొదలైనప్పుడు దాని పేరు "మహీంద్ర అండ్ మహమ్మద్". భాగస్వామియైన మాలిక్ గులాం మహమ్మద్ దేశవిభజన తరువాత పాకిస్తాన్ మొదటి ఆర్థికమంత్రి యయ్యెను. 1948లో ఆ సంస్థ పేరు "మహీంద్ర అండ్ మహీంద్ర"గా మారినది. ఒక బండి చరిత్రలోనే ఇంత చరిత్ర దాగియున్నది.

ఇక కమాను సంగతి. ఈ పదము పారసీకము నుండి ఉర్దూ ద్వారా మన మెకానిక్కుల నోట నిలిచినది. "కమాన్" అనగా విల్లు. లారీ క్రింద దొంతరగా పేర్చిన ఉక్కుపట్టీల కట్టను చూచినవారికి అది బోర్లించిన విల్లో, వెల్లకిల వేసిన విల్లో యనిపించును. తెలుగున "విల్లు" అని మనకు సొంతపదమున్నను, ఏ షెడ్డునకు పోయి "విల్లు విరిగినది" అన్నను నవ్వుదురు. "కమాను పోయింది" అన్నచో వెంటనే జాకీ తెత్తురు. ఈ సంచిక ఉర్దూ విభాగము చదువు విద్యార్థులకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

జీపునకు నాలుగు కమానులు. ముందువి ఒక్కొక్కటి ఎనిమిది పట్టీలు, పొడవు 36¼ అంగుళములు; వెనుకవి తొమ్మిది పట్టీలు, పొడవు 42 అంగుళములు; అన్నిటి వెడల్పు 1¾ అంగుళములు. ఎనిమిది పట్టీలేల? ఒకే మందపు పట్టీ వేయరాదా? తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడు "ఒకటి విరిగినను ఏడు మిగులును" అని ఒక విద్యార్థి చెప్పెను. అది నిజమే గాని, అసలు కారణము వేరు.

పట్టీ బిర్రు దాని మందము యొక్క ఘనమును అనుసరించి పెరుగును. మందము రెట్టింపైనచో బిర్రు ఎనిమిది రెట్లగును. లెక్క సులభమగుటకు ఎనిమిది పట్టీలును ఒకే పొడవున్నవని అనుకొందము. వాని బదులు రెట్టింపు మందముగల ఒకే పట్టీ వేసినచో బిర్రు సరిగా సమానమగును. బండి అంతే క్రుంగును, అంతే లేచును. కాని పట్టీ ఉపరితలమున కలుగు లాగుడు అట్లు సమానము కాదు. బరువును ఓర్చుకొను శక్తి మందము యొక్క వర్గమును అనుసరించును. రెట్టింపు మందముగల ఒంటి పట్టీకి ఆ శక్తి నాలుగు పాళ్ళు. ఎనిమిది పలుచని పట్టీలకు కలిపి ఎనిమిది పాళ్ళు. అనగా అదే గుంటలో అదే బండి పడినప్పుడు ఒంటి పట్టీ రెట్టింపు లాగుడునకు గురియై త్వరగా విరిగిపోవును. ఎనిమిది పట్టీలు ఆ భారమును సగపాలుగా ఓర్చుకొనును. ఇంటి కొయ్య స్కేలును, ఎనిమిది అట్టముక్కలను చేతబట్టి వంచిచూచినచో ఇది వ్రేళ్ళకే తెలియును.

మరియొక విషయము. నోటుపుస్తకమును వంచినప్పుడు అంచున పుటలు మెట్లవలె ఒకదానిపై నొకటి జారును. కమానులోను పట్టీలు అట్లే జారవలెను. ఆ జారుటలో కలుగు రాపిడియే బండి ఊగులాటను కొంత అణచును. కాని వానలలో నానిన బండికి పట్టీల నడుమ తుప్పు పట్టి అవి అంటుకొనిపోవును. అప్పుడు ఎనిమిది పట్టీలు జారలేక ఒకే దిమ్మెవలె ప్రవర్తించును. ఎనిమిది పట్టీలు దిమ్మెయైనచో దాని మందము ఎనిమిది రెట్లు. బిర్రు ఎంత పెరుగునో విద్యార్థులే లెక్కగట్టుకొందురు గాక. మన బండి ముందు కమానులు అచ్చముగా ఈ స్థితిలో నున్నవి. పాతబండి "గట్టిది" అని మెచ్చుకొనువారు తరచు మెచ్చుకొనునది తుప్పునే.

బండిని పరీక్షించుటకు యంత్రములు అక్కరలేదు. చదునైన నేలపై నిలిపి, నాలుగు టైర్లలో గాలి సమానముగా నింపి, నేల నుండి చట్రము వరకు రెండువైపుల ఎత్తు కొలువవలెను. తరువాత ముందు చక్రపు కేంద్రము నుండి వెనుక చక్రపు కేంద్రము వరకు ఇరువైపుల కొలువవలెను. జీపునకు ఈ దూరము 80 అంగుళములు. రెండువైపుల సమానముగా లేనిచో ఒక ఇరుసు కమానుపై నుండి జరిగినదని అర్థము. అట్టి బండి ముందుకు పోవుచునే ప్రక్కకును పోవును. దానినే మెకానిక్కులు పీతనడక అందురు. మన బండికి ఎడమవైపు కొలత కుడివైపు కంటె అర అంగుళము తక్కువ వచ్చినది.

ఇట్లు ఇరుసు జరుగుటకు కారణము సాధారణముగా సెంటర్ బోల్టు తెగుట. పట్టీలన్నిటిని గ్రుచ్చి నడుమ నొక చిన్న బోల్టుండును. దాని తల ఇరుసు పీఠములోని రంధ్రమున కూర్చుండును. ఇరుసును మోయునది ఈ బోల్టే యని చాలమంది అనుకొందురు. కాదు. అది స్థానమును చూపునది మాత్రమే. ఇరుసును, కమానును ఒకటిగా పట్టియుంచునది యూ బోల్టుల బిగువు. యూ బోల్టులు వదులైనచో భారమంతయు ఆ చిన్న బోల్టుపై పడి అది తెగును. లేదా ఆ రంధ్రము వద్దనే పట్టీ విరుగును. విరిగిన కమానులు చూచినవారికి తెలియును, నడిమి రంధ్రమే తరచు పగులు పుట్టుచోటు. అందుచేత కమాను విరిగినదని వచ్చిన బండికి, క్రొత్త కమాను వేయుటకు ముందు యూ బోల్టులు ఎవరు, ఎప్పుడు బిగించిరో అడుగవలెను.

ఇక విప్పుట. విద్యార్థి దశలో రెండు వేసవులు నేను ఒక షెడ్డులో పనిచేసితిని. అచ్చటి ఉస్తాద్ గారికి చదువు రాదు. కాని బోల్టును వ్రేలితో తాకి అది ఎన్ని అంగుళములదో చెప్పెడివారు. వారు విప్పుటకు మూడు దినముల ముందే మరలన్నిటికి కిరోసిను, నూనె కలిపి రోజుకు రెండుమార్లు పట్టించెడివారు. "తొందరపడువాడు బోల్టు విరుచును, ఓపికగలవాడు బోల్టు విప్పును" అనుట వారి అలవాటు. అది నాకు అప్పుడు పాతకాలపు నీతివలె వినబడినది.

జీపు కమాను ఒక చివర పివట్ బోల్టుతోను, రెండవ చివర షాకిల్‌తోను చట్రమునకు తగిలించియుండును. ముందు కమానులకు షాకిల్ ముందుచివర నుండును. వెనుక కమానులకు వెనుకచివర. కమాను వంగినప్పుడు దాని పొడవు కొంచెము మారును గనుక ఒక చివర ఊగుటకు వీలుండవలెను. షాకిల్ పని అదే. యుద్ధకాలపు జీపు షాకిల్ యూ ఆకారమున నుండును. దాని రెండు కాళ్ళకు మరలుండి, వానిపై మరగల బుష్షులు ఎక్కును. ఈ బుష్షులు మొత్తము ఎనిమిది. వానిలో ఆరు కుడిమరవి, రెండు ఎడమమరవి. ఎడమమర బుష్షులు ఎడమ ముందు కమాను కంటిలోను, కుడి వెనుక కమాను కంటిలోను ఉండును. ఆనవాలు ఏమనగా, ఎడమమర బుష్షు తలచుట్టు ఒక గాడి యుండును. దాని షాకిల్ క్రిందికాలిపై చిన్న బొడిపె యుండును. నలుబది ఏండ్ల మడ్డి క్రింద ఆ గాడియు కనబడదు, ఆ బొడిపెయు కనబడదు.

నాకును కనబడలేదు. ఉస్తాద్ గారు నమాజునకు వెళ్ళిన సమయమున నేనును, నావంటి మరియొక శిష్యుడును ఎడమ ముందు షాకిల్‌ను విప్పబూనితిమి. బుష్షు కదలలేదు. పానాకు మూడడుగుల గొట్టము తగిలించి ఇద్దరము వ్రేలాడితిమి. విప్పుచున్నామనుకొని బిగించుచున్నాము. పెద్ద చప్పుడుతో షాకిల్ కాలు విరిగి, మరముక్క కంటిలోనే యుండిపోయినది. తిరిగివచ్చిన ఉస్తాద్ గారు వంగి చూచి, గుడ్డతో మడ్డి తుడిచి, ఆ గాడిని నా వ్రేలితోనే తడిమించి, "నక్కో బేటా, ఉల్టీ చూడీ హై" అనిరి. అంతకంటె ఏమియు అనలేదు. ఆ షాకిల్ దొరకుటకు పదునేడు దినములు పట్టినది. ఆ బండిపై కూరగాయలు సంతకు చేర్చుకొను వ్యక్తి ఆ పదునేడు దినములును ఉదయమున వచ్చి, చూచి, ఏమియు అనక పోయెడివాడు. దానికంటె తిట్టినను బాగుండెడిది.

కావున విప్పుటకు ముందు వైరు బ్రష్షుతో ప్రతి బుష్షు తలను తోమి, గాడి యున్నదో లేదో చూచి, సుద్దతో బాణపు గుర్తు వ్రాయవలెను. దీనికి అరగంట పట్టును.

బండి లేపుట మరియొక జాగ్రత్త. వెనుక చక్రములకు ముందువెనుకల దిమ్మెలు పెట్టి, ముందు చట్రమును జాకీతో లేపి, చట్రము క్రింద ఇనుప స్టాండులు నిలుపవలెను. జాకీ లేపుటకే గాని మోయుటకు కాదు. ఇటుకలు పేర్చి బండి నిలుపు దురలవాటు మన ఊళ్ళలో ఇంకను పోలేదు. ఇటుక హెచ్చరిక లేకయే పగులును, జీపు బరువు సుమారు 2,450 పౌండ్లు. రెండవ జాకీ ఇరుసు క్రింద నుండవలెను. దానిని మెల్లగా దించుచు కమానుపై భారము తీరిన పిమ్మట షాక్ అబ్సార్బరు క్రిందికొస, యూ బోల్టులు, వాని క్రింది పలక, షాకిల్, చివరకు పివట్ బోల్టు ఈ వరుసలో విప్పవలెను. జీపునకు ఇరుసు పైన, కమాను క్రింద నుండును గనుక, పలక విప్పగానే కమాను క్రిందికి వచ్చును. క్రింద చేయి, కాలు ఉండరాదు.

తీసిన కట్టను విడదీయుటలో ఇంకొక ప్రమాదమున్నది. పట్టీల వంపులు ఒకదానికొకటి సమానము కావు. పొట్టి పట్టీలకు వంపు ఎక్కువ. సెంటర్ బోల్టు వానిని బలవంతముగా కలిపియుంచును. కట్టను వైసులో గాని, గట్టి క్లాంపులో గాని బిగింపక బోల్టు విప్పినచో పట్టీలు ఎగిరిపడును. పైన చెప్పిన నా తోటి శిష్యుని కనుబొమ్మపై ఇప్పటికిని మచ్చ యున్నది. అంగుళము క్రిందికి తగిలినచో కన్నుండెడిది కాదు. మన విద్యార్థుల చేత ఈ పని చేయించినచో ఈ ఒక్క మెట్టు మాత్రము అధ్యాపకుని చేతులమీదుగానే జరుగవలెనని కార్యవర్గమునకు నా విన్నపము.

పాత పట్టీలను తిరిగి వంచుకొని వాడరాదా యని కోశాధికారి గారు అడిగిరి. ఖర్చు తక్కువ యగుట నిజమే. కాని కమాను ఉక్కు వేరు, తలుపుగడియ ఉక్కు వేరు. సిలికాను, మాంగనీసు కలిపిన ఉక్కును సుమారు 850 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాల్చి, నూనెలో ముంచి చల్లార్చి, మరల 400 నుండి 500 డిగ్రీల నడుమ వేడిచేసి పదునుపెట్టుదురు. కొలిమిలో కాల్చి సమ్మెటతో వంచి గాలికి చల్లార్చినచో వంపు వచ్చును, పదును పోవును. ఆ కమాను బండి బయలుదేరునాడు నిటారుగా నిలిచి, మూడవ నెలలో చతికిలబడును. కాల్చక చల్లగా సమ్మెట దెబ్బలతో వంచుట కొంత మేలు. మా ఉస్తాద్ గారు అట్లే చేసెడివారు. ఐనను పగులు గల పట్టీకి అదియు పనికిరాదు. పగులు కనుగొనుటకు పట్టీని శుభ్రముగా కడిగి, కిరోసిను పట్టించి, తుడిచి, పైన సుద్దపొడి చల్లవలెను. పగులున్నచోట కిరోసిను ఊరి సుద్దపై సన్నని గీత కనబడును. మన ఎడమ ముందు కమానులో రెండవ పట్టీపై నడిమి రంధ్రము నుండి అంచువరకు అట్టి గీత కనబడినది. ఈ కట్టను వంచి వాడుమని నేను చెప్పజాలను.

కమానులను జతగా మార్చుట మంచిది. ఒకవైపు క్రొత్తది, ఒకవైపు పాతది వేసినచో బండి ఇంకొక వైపునకు ఒరుగును. ఐతే జీపునందు జత యన్నంత మాత్రమున రెండును ఒకటి కావు. డ్రైవరును, పెట్రోలు టాంకును ఎడమవైపుననే యుండుటచేత ఎడమ ముందు కమాను కుడిదానికంటె బిర్రుగా చేయబడినది. ఇది తెలియక కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేసిన బండ్లున్నవి. మన బండి ఒరుగుటకు ఇదియు ఒక కారణమేమో యని నాకు అనుమానము. రెండును విప్పి ప్రక్కప్రక్కన పెట్టి కొలిచిన గాని తేలదు.

అమర్చుటలో మొదట పివట్ బోల్టు, తరువాత షాకిల్. షాకిల్‌ను చట్రమునకు గట్టిగా ఆనించి పట్టుకొని పై బుష్షును మర తప్పకుండ సగమువరకు ఎక్కింపవలెను. తరువాత క్రింది బుష్షును సగమువరకు. పిమ్మట ఒకమారు పైది, ఒకమారు క్రిందిది త్రిప్పుచు పోవలెను. పై బుష్షు తల చట్రమునకు ఆనవలెను. క్రింది బుష్షు తలకును కమాను కంటికిని నడుమ అంగుళములో 32వ వంతు సందుండవలెను. గ్రీజు పట్టించి షాకిల్‌ను చేతితో ఊపిచూచినప్పుడు స్వేచ్ఛగా ఊగవలెను. ఊగనిచో విప్పి మరల ఎక్కింపవలెనే గాని "నడువగా నడువగా వదులగును" అని వదలరాదు. బిగిసిన షాకిల్ క్రొత్త కమానును విరుచును.

తరువాత జాకీతో కమానును ఇరుసునకు చేర్చి, సెంటర్ బోల్టు తల పీఠపు రంధ్రమున దిగినదో లేదో వ్రేలితో చూచి, పలకవేసి, క్రొత్త యూ బోల్టులు తొడగవలెను. పాత యూ బోల్టులు సాగియుండును. వానిని మిగుల్చుకొనుట పొదుపు కాదు. నాలుగు నట్లను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించి, కడకు టార్కు పానాతో 50 నుండి 55 అడుగుల పౌండ్ల వరకు బిగింపవలెను. ఎక్కువ బిగించుట బలము కాదు. బండిని నేలకు దించి, బరువు పడిన పిమ్మట మరల చూడవలెను. నూరుమైళ్ళు నడచిన తరువాత ఇంకొకమారు చూడవలెను, ఏలయనగా క్రొత్త పట్టీల నడుమ రంగు, గరుకు అణగి కట్ట కొంత పలుచబడును, ఆ మేరకు బిగువు సడలును.

ఇంతవరకు ఐన పని ఇది. నాలుగు కమానుల బుష్షులు తోమి, సుద్దతో బాణములు వ్రాసితిమి. ఎడమ ముందు కమాను దించి, క్లాంపులో విడదీసి, భౌతికశాస్త్ర ప్రయోగశాల బల్లపై ఎనిమిది పట్టీలను వరుసగా పెట్టితిమి. ఇంటర్ రెండవ సంవత్సరము విద్యార్థులు వాని మందము కొలిచి, బిర్రు లెక్కగట్టుచున్నారు. ఈ నమూనాకు క్రొత్త కమానులు నేటికిని తయారగుచున్నవి. ధరల పట్టిక కోశాధికారి గారికి సమర్పించితిని. కుడి వెనుక కంటిలోని ఎడమమర బుష్షు ఇంకను కదలలేదు. రోజుకు రెండుమార్లు నూనె పట్టించుచున్నాము.